63 మందికి డబ్బులు, నేను 64

2023లో ఒక ఆదివారం రాత్రి, పన్నెండుకి ఇరవై నిమిషాలుంది, బెంగుళూరు మారతహళ్ళి రూమ్‌లో నేను లాప్‌టాప్ ముందు, మా బావ మంచం మీద మెస్ పార్సిల్ విప్పుకుని గోంగూర కలుపుకుంటున్నాడు. ఎంట్రీ 550 రూపాయల ఆన్‌లైన్ పోకర్ టోర్నమెంటు, అందులో 50 సైటువాళ్ళ కమీషను. 420 మంది దిగితే 63 మందికి డబ్బులు, ఇంకా 64 మందిమి మిగిలాం. అంటే ఇంకొక్కడు పోతే చాలు మిగతా అందరికీ కనీసం వెయ్యి రూపాయలు. దీన్నే బబుల్ అంటారు, ఆ పోయేవాడు బబుల్ బాయ్.

నా దగ్గర 22 బిగ్ బ్లైండ్ల చిప్స్ ఉన్నాయి (బిగ్ బ్లైండ్ అంటే ముక్కలు చూడకముందే వంతులవారీగా పెట్టాల్సిన పందెం), మరీ ఎక్కువా కాదు తక్కువా కాదు. టేబుల్ మొత్తంలో ఎక్కువ చిప్స్ ఉన్నవాడు ఈ చేతికి బటన్ మీద, అంటే పంచేవాడి స్థానంలో ఉన్నాడు, అంతకు ముందు అయిదు చేతుల్లో (చెయ్యి అంటే ఒక్కో పంపకం) నాలుగుసార్లు ఆల్-ఇన్, అంటే ఉన్న చిప్స్ మొత్తం తొయ్యడం. మళ్ళీ ఆల్-ఇన్. నేను బిగ్ బ్లైండ్‌లో ఉన్నా, ముక్కలు చూస్తే ఆసు, రాణి, వేరే వేరే రంగులు. "కాల్ కొట్టరా, వాడి దగ్గర ఏముంటుంది, తొక్కా?" అన్నాడు బావ ముద్ద నోట్లో పెట్టుకునే. నాకూ అదే అనిపించింది, కాల్ కొట్టా, అంటే వాడి పందేనికి సమానంగా నేనూ పెట్టా. వాడు తిప్పితే రాజు, ఏడు, రెండూ ఇస్పేట్లు. అంటే నేనే ముందున్నా, వందకి అరవై పైన నాదే. అందరికీ కలిపి మధ్యలో పరిచే ముక్కల్లో నాలుగోది ఏడు పడింది, వాడికి జత కుదిరింది. అంతే, 64వ ప్లేసు, సున్నా రూపాయలు.

బావ ఏం మాట్లాడకుండా పెరుగు ప్యాకెట్ చింపాడు.

అసలు మండింది ఆ తర్వాత. ఊరికే లాబీ (అన్ని టేబుళ్ళూ కనిపించే పేజీ) తెరిచి చూస్తే పక్క టేబుల్లో ఒకడి దగ్గర ఒకటిన్నర బ్లైండ్ మిగిలుంది, తర్వాతి చేతికి బిగ్ బ్లైండ్ వాడి మీదకే వచ్చేది. నేను ఫోల్డ్ చేసి, అంటే ముక్కలు పారేసి, ఒక్క నిమిషం ఊరుకునుంటే వాడు దాదాపు పోయేవాడే. నా పుణ్యాన వాడు వెయ్యి రూపాయలు పట్టుకుపోయాడు! వాడి టేబుల్ తెరిచి బ్లైండ్ ఎక్కడుందో చూడ్డానికి పది సెకన్లు పట్టదు, నేను చూడలేదు. బటన్ మీదవాడు చెత్త ముక్కలతో తోస్తున్నాడని నేను వేసిన అంచనా మాత్రం కరెక్టే, తప్పంతా డబ్బు లెక్కలో ఉంది.

ఆ లెక్క నాకు మా ఆఫీసులో ఒక కడప కుర్రాడు టీ కొట్టు దగ్గర టిష్యూ పేపర్ మీద వేసి చూపించాడు. నలుగురున్నారు, అందరి దగ్గరా సమానంగా చిప్స్, ముగ్గురికే డబ్బులు: 50, 30, 20. అంటే ఇప్పుడు ఒక్కొక్కడి వాటా 25. నువ్వు ఒకడితో ఆల్-ఇన్ పడి గెలిచావనుకో, నీ చిప్స్ డబుల్, మిగతా ఇద్దరి దగ్గర నీలో సగం సగం. ఇప్పుడు ఫస్ట్ వచ్చే ఛాన్స్ సగం, సెకండ్ మూడో వంతు, థర్డ్ ఆరో వంతు. కూడితే 38 రూపాయల 33 పైసలు. చిప్స్ రెండింతలయ్యాయి, డబ్బు మాత్రం 25 నుంచి 38 దాకానే వచ్చింది! ఓడితే మాత్రం పాతిక మొత్తం పోతుంది. పదమూడు కోసం పాతిక పెడుతున్నావన్నమాట, అంటే కాల్ కొట్టాలంటే వందకి 65 సార్లు గెలవాలి. ఎదుటివాడు ముక్కలు చూడకుండానే తోస్తున్నాడనుకున్నా వేరే రంగుల ఆసు-రాణి గెలిచేది 64 చిల్లర, ఆసు-రాజు అయితే 65 చిల్లర. బ్లైండ్లు పక్కన పెడితే ఆసు-రాణి ఫోల్డు, ఆసు-రాజు బొటాబొటిగా కాల్. ఆ టిష్యూ చాన్నాళ్ళు నా పర్సులో ఉంది. దీన్ని ఐసీఎం (ఇండిపెండెంట్ చిప్ మోడల్) అంటారు, 1987లో మేసన్ మాల్మూత్ అనే పోకర్ రచయిత పోకర్‌కి తెచ్చిన లెక్క, పేరు పెద్దదే గానీ విషయం ఆ టిష్యూలో పట్టేదే.

నా ఆటలో నలుగురు కాదు 64 మంది, అక్కడ 65 దాకా అక్కర్లేదేమో, బ్లైండ్లు కూడా కొంత కలిసొస్తాయి, అయినా ఒకటిన్నర బ్లైండుతో ఒకడు వేలాడుతుంటే నన్ను మొత్తంగా తుడిచెయ్యగలిగినవాడి మీద ఆసు-రాణితో దూకడం తెలివైన పనైతే కాదు.

మా ఊళ్ళో 101 రమ్మీ ఆడినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. 101 పాయింట్లకి చేరితే ఔట్, డ్రాప్‌కి 20, కాబట్టి 80 దాటాక డ్రాప్ కొట్టినా ఔటే, అప్పుడు చెత్త ముక్కలొచ్చినా ఆడాల్సిందే. అదే 40లో ఉన్నవాడు దర్జాగా 20 ఇచ్చేసి బీడీ వెలిగించుకుంటాడు. బబుల్ దగ్గర మధ్యలో ఉన్నవాడికి ఆ దర్జా ఉండాలి, కానీ మధ్యలో ఉన్నవాడికే చెయ్యి దురద ఎక్కువ.

అయితే చాలామంది ఇక్కడిదాకా విని రెండో తప్పు చేస్తారు, నేనూ ఆర్నెల్లు చేశాను. బబుల్ అనగానే గుడ్లప్పగించి అన్నీ ఫోల్డ్ చెయ్యడం, టైం బ్యాంక్ (ఆలోచించుకోడానికి ఇచ్చే అదనపు టైం) మొత్తం తినేసి వెయ్యి రూపాయలు తెచ్చుకోవడం. ఆ టోర్నమెంట్లో ఫస్ట్ ప్రైజు నలభై వేల దగ్గర. పెద్ద ఆటల్లో తేడా ఇంకా ఘోరంగా ఉంటుంది, 2023 వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్ చూడండి, 10,043 మంది, 1,507 మందికి డబ్బులు, 10 వేల డాలర్ల ఎంట్రీకి అందరికంటే కింద వచ్చేది 15 వేలు, ఫస్ట్ వచ్చినవాడికి 1.21 కోట్ల డాలర్లు. కింద దొరికే చిల్లర కోసం నక్కి కూర్చుంటే పైకెళ్ళేది ఎప్పుడు?

కాబట్టి భయం కాల్ దగ్గరే ఉండాలి, తోసేటప్పుడు కాదు. నువ్వు తోస్తే ఆ 65 లెక్క ఎదుటివాడి నెత్తిన పడుతుంది, మంచి ముక్కలు కూడా పారేస్తాడు. ఆ రాత్రి ఏడుతో నన్ను లేపేసినవాడు మూర్ఖుడేం కాదు, వాడికి ఇది నాకంటే బాగా తెలుసు. వాడు ఓడినా టేబుల్ మీదే ఉంటాడు, నేను ఓడితే ఇంటికే. పెద్ద స్టాక్ (చిప్స్ గుట్ట) ఉన్నవాడు జాగ్రత్తగా ఉండాల్సింది ఇంకో పెద్ద స్టాక్‌తోనే, రెండు ఆంబోతులు కొట్టుకుంటే చిన్న స్టాక్‌లవాళ్ళకి పండగ.

ఇంకో మాట, ఈ ప్రెషర్ తెలిసినవాడి మీదే పనిచేస్తుంది. 55 రూపాయల టోర్నమెంట్లో బబుల్ అంటే ఏంటో తెలీనివాడి మీద బ్లఫ్ తోస్తే చిన్నపాటి జతతో కాల్ కొట్టి నవ్వుకుంటాడు, అక్కడ మంచి ముక్కల కోసం ఆగడమే దారి.

టైం లాగడం గురించి కూడా అడుగుతుంటారు. బబుల్ ఇంకా నాలుగైదుగురి దూరంలో ఉన్నప్పుడు నీ టేబుల్ నెమ్మదిగా నడిస్తే పక్క టేబుళ్ళలో ఎక్కువ చేతులు పడి ఎవడో ఒకడు పోతాడు, నాకు నచ్చదు గానీ నిజం. హ్యాండ్ ఫర్ హ్యాండ్ మొదలయ్యాక అన్ని టేబుళ్ళూ ఒక్కో చేతికీ ఒకదాని కోసం ఒకటి ఆగుతాయి, అప్పుడు లాగినా ఏం రాదు. శాటిలైట్లు, అంటే పెద్ద టోర్నమెంట్లో సీటే ప్రైజుగా ఇచ్చే ఆటలైతే పూర్తిగా వేరే లోకం: పది సీట్లు, అన్నీ ఒకటే విలువ, పదకొండు మంది మిగిలి నువ్వు నాలుగో ప్లేసులో హాయిగా ఉంటే, నీకంటే పెద్ద స్టాక్ తోసినప్పుడు రెండు ఆసులు కూడా పారెయ్యొచ్చు. ఇది బావకి చెప్తే రెండ్రోజులు నాతో మాట్లాడలేదు.

ఇదంతా ఇప్పుడు పాత కథే. అసలు మనవాళ్ళకి బెంగుళూరులో ఉన్నప్పుడే ఈ ఆట, సంక్రాంతికి ఊరెళ్తే లొకేషన్ చూసి యాప్ తలుపు వేసేసేది, తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రాలో 2020 నుంచి నిషేధం కదా. కర్ణాటక కూడా 2021లో చట్టం సవరించి ఆపింది, 2022 ఫిబ్రవరిలో హైకోర్టు ఆ సవరణని కొట్టేసింది. 2025 ఆగస్టులో కేంద్రమే చట్టం తెచ్చాక దేశం మొత్తం డబ్బుల టేబుళ్ళు మూతపడ్డాయి. డిపాజిట్ చేసి చేసి అప్పులపాలైనవాళ్ళని మా పీజీలోనే చూశాను, అందుకే పెద్దగా ఏడవలేదు.

ఇప్పుడు శనివారాలు ఆరుగురం కూర్చుని చింతగింజలతో ఆడతాం. ముగ్గురు మిగిలాక గెలిచినట్టే, నాలుగో ప్లేసువాడు అందరి గ్లాసులూ కడగాలి. మొన్న నలుగురం మిగిలాం, నా దగ్గర గింజలు గుట్టగా ఉన్నాయి, ముక్కలు చూడకుండానే మొత్తం ముందుకి తోశాను. బావ తన ముక్కలు చూసుకుని, నన్ను చూసి, సింకులో గ్లాసుల వంక చూసి, "ఆసు-రాణి రా" అన్నాడు. అని కాల్ కొట్టాడు.