తపసి చెట్టుకు మ్యాప్ గీసిన నా అనుభవం

మాది అచ్చంపేట. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు నల్లమల తపసి చెట్టును ఎంచుకున్నాను. ఎండాకాలంలో తపసి బంక తెచ్చి అమ్ముకునే చెంచు కుటుంబాలను చిన్నప్పటి నుంచి చూస్తున్నా కాబట్టి, ఎండలు ఇంకా ముదిరితే ఆ చెట్టు ఎక్కడ నిలుస్తుందో తెలుసుకోవాలనిపించింది.

అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ లోపలికి పర్మిషన్ లేకుండా పోలేం, దానికే నెలలు పట్టింది.

వాడింది మాక్సెంట్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్, ఉచితంగానే దొరుకుతుంది. చెట్టు ఉన్న చోట్ల జీపీఎస్ పాయింట్లు, వరల్డ్‌క్లిమ్ అనే వాతావరణ డేటా నుంచి 19 రకాల ఎండా వానల లెక్కలు ఇస్తే, అలాంటి వాతావరణం ఇంకెక్కడ ఉందో చూపిస్తుంది. ఆ లెక్కలు 1970-2000 మధ్య సగటులు, మ్యాప్‌లో ఒక్కో గడి దాదాపు కిలోమీటరు. 19 ఒకేసారి వేయకండి, చాలావాటిలో ఉన్నది ఒకటే సంగతి. నేను ఆరు ఉంచుకున్నాను.

మొదటి మ్యాప్‌కి ఏయూసీ (మ్యాప్ నా పాయింట్లకు ఎంత బాగా సరిపోయిందో చెప్పే మార్కు, పూర్తి మార్కు 1) 0.9 దాటింది, సంతోషంతో ఆ రాత్రి నిద్రే పట్టలేదు. మన్ననూరు దగ్గర నాతో అడవిలో తిరిగిన చెంచు తాతకు లాప్‌టాప్‌లో చూపించాను. శ్రీశైలం రోడ్డు వెంట తపసికి అనువైన చోటని మ్యాప్ ఎర్రగా చూపించిన పట్టీ మీద వేలు పెట్టి, "ఈడ తపసి ఏడుంటది బిడ్డా, మెత్తటి మన్ను ఇది, దానికి బండ కావాలె" అన్నాడు. తప్పు నాదే. పాయింట్లన్నీ దాదాపు రోడ్డు పక్క గుట్టల మీద తీసినవి, మాక్సెంట్ నేర్చుకున్నది నా బండి తిరిగిన దారిని.

మళ్లీ మొదలుపెట్టాను. కిలోమీటరు గడికి ఒక్క పాయింటే ఉంచి, నేల వాలు లెక్క కూడా కలిపి, తాతతో రోడ్డుకు దూరంగా ఉన్న గుట్టలెక్కి కొత్త పాయింట్లు తెచ్చాను. ఏయూసీ తగ్గింది. మ్యాప్‌ను మాత్రం ఈసారి తాత ఒప్పుకున్నాడు.

ఆ గుట్టల మీదే ఇంకోటి చూశాను, ఇప్పటికీ నన్ను వదలట్లేదు. పెద్ద చెట్లు ఎప్పటివో వానలకు మొలిచినవి. ఇప్పటి ఎండకు తపసి తట్టుకుంటుందా అంటే చిన్న మొక్కల్ని చూడాలి, అవేమో చాలాచోట్ల కనిపించలేదు. ఎండ వల్లనా, కార్చిచ్చు వల్లనా, బంక కోసం లోతుగా గాట్లు పెట్టిన చెట్టు కాయ తగ్గించడం వల్లనా, నా మోడల్ చెప్పలేదు, ఎందుకంటే మంటల సంగతీ గాట్ల సంగతీ నేను దానికి ఇవ్వనేలేదు.

2041-2060కి, రాబోయే వాతావరణాన్ని అంచనా వేసే మూడు క్లైమేట్ మోడళ్లతో చూస్తే, ఎండ పెరుగుతుందని మూడూ ఒకటే మాట, వానల దగ్గర మాత్రం తలో మాట. అందుకే మూడూ ఒప్పుకున్న గుట్టల్నే రిపోర్టులో గుర్తు పెట్టాను, నాటే పని ఎప్పుడు పెట్టుకున్నా మొదట అక్కడే చూడమని.

ఏప్రిల్‌లో బాగా ఎండిన గుట్టల మీది చెట్ల నుంచే కాయలు తెచ్చాం, ఆ కాయల నూగు చేతికి గుచ్చుకుని రెండు రోజులు మండింది. తాత గింజలు తీసి ఇచ్చాడు. 200 సంచుల్లో పెట్టాం, నిన్నటికి 61 మొలిచాయి.