ఎన్‌డీఏ రాతపరీక్షకు పాత ప్రశ్నపత్రాలతో నేను సిద్ధమైన తీరు

ఇంటర్మీడియట్ ఎంపీసీ రెండో సంవత్సరంలో ఉండగా, సైనిక అధికారులు కాబోయేవారికి శిక్షణ ఇచ్చే నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ) కోసం ఏప్రిల్‌లో జరిగే ప్రవేశపరీక్షకు దరఖాస్తు చేశాను. మా కాలేజీలో అందరి దృష్టీ ఇంజినీరింగ్ ప్రవేశపరీక్షలైన ఈఏపీసెట్, జేఈఈల మీదే ఉండేది. ఎన్‌డీఏ పరీక్ష ఎలా ఉంటుందో వివరించగలవారు అక్కడ లేరు, ప్రత్యేక కోచింగ్‌కు వేరే ఊరు వెళ్లే స్తోమత మా ఇంట్లో లేదు. అందువల్ల ఈ పరీక్షను నిర్వహించే యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ (యూపీఎస్సీ) తన వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంచిన పాత ప్రశ్నపత్రాలనే గురువుగా పెట్టుకున్నాను.

గణితం, జనరల్ ఎబిలిటీ టెస్ట్ అనే రెండు పేపర్లున్న ఈ పరీక్ష ఏటా రెండుసార్లు జరుగుతుంది కాబట్టి పేపర్లకు కొదవ ఉండదు. 2020లో మాత్రం కోవిడ్ కారణంగా రెండు పరీక్షలనూ కలిపి సెప్టెంబరు 6న ఒకేసారి నిర్వహించారు, ఆ ఏడాదికి ఒకే జత దొరుకుతుంది. ప్రశ్నపత్రంతోపాటు యూపీఎస్సీ ఇచ్చిన అధికారిక కీని (జవాబుల పట్టికను) కూడా తీసుకోవడం చాలా ముఖ్యం. ప్రతి పేపర్‌కూ ఎ, బి, సి, డి అని నాలుగు సిరీస్‌లు ఉంటాయి. ప్రశ్నలు అవే అయినా వరుస మారుతుంది. అందువల్ల మన దగ్గరున్న పేపర్ ఏ సిరీస్‌దో చూసి ఆ సిరీస్ కీతోనే సరిచూసుకోవాలి. కొన్ని ప్రశ్నలను యూపీఎస్సీయే తొలగించినట్లు కీలో కనిపిస్తుంది. బజారులో దొరికే గైడ్లలో అటువంటి ప్రశ్నలకు కూడా ధీమాగా జవాబులు ఇచ్చి ఉండటం చూశాక, వాటిని లెక్క చేసే పద్ధతి కోసమే తప్ప జవాబుల కోసం తెరవలేదు. అధికారిక కీ అభ్యర్థుల ఎంపిక అంతా ముగిశాకే వచ్చేది కాబట్టి, అప్పటికి అన్నిటికన్నా కొత్తదైన పేపర్‌ను పక్కన పెట్టి దానికి ముందువాటితో మొదలుపెట్టాను.

మొదట ఏ పేపర్‌నూ పరీక్షలాగా రాయలేదు. గణితంలోని 120 ప్రశ్నలను చదువుతూ ఒక్కొక్కటి ఏ అధ్యాయానికి చెందుతుందో నోటుపుస్తకంలో గీతలు గీసి లెక్కపెట్టాను. మాత్రికలు, త్రికోణమితి, సదిశలు, కలనగణితం, సంభావ్యత వంటివి ఇంటర్ పుస్తకాల్లో చదివినవే కావడం ఊరట కలిగించింది. అయితే బైనరీ సంఖ్యలు, సంవర్గమానాలు, కోరిలేషన్, రిగ్రెషన్ వంటివి మా ఇంటర్ తరగతిలో ఎవరూ చెప్పనివి, ఎత్తులు–దూరాలు పదో తరగతిలో వదిలేసినవి. ఇవన్నీ తక్కువ శ్రమతో వచ్చే మార్కులు. సిలబస్ కాగితంలో ఒక్క పదంగా కనిపించే అంశం ఎంత లోతుగా అడుగుతారో, ఎంత తేలికగా వదిలేస్తారో, నాలుగైదు పేపర్లు పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప తెలియదు.

అసలు పాఠం నెగెటివ్ మార్కుల దగ్గర ఉంది. ఈఏపీసెట్‌లో తప్పుకు కోత లేదు కాబట్టి తెలియని బిట్టుకు కూడా ఏదో ఒకటి పెట్టి రావడమే మాకు అలవాటు చేశారు. ఎన్‌డీఏ గణితంలో ఒప్పుకు రెండున్నర మార్కులు, తప్పుకు 0.83 కోత. నాలుగు ప్రశ్నలకు గుడ్డిగా పెడితే సగటున ఒకటి ఒప్పవుతుంది, మూడు తప్పవుతాయి. వచ్చిన రెండున్నరనూ మూడు తప్పుల కోత దాదాపు మొత్తంగా తినేస్తుంది. ఒక ఆప్షన్‌ను కచ్చితంగా కొట్టేయగలిగితే ప్రతి మూడు ప్రశ్నలకు సుమారు 0.84 మార్కులు మిగులుతాయి. రెండింటిని కొట్టేయగలిగితే ప్రతి రెండు ప్రశ్నలకే అంతకు రెట్టింపు మిగులుతుంది. ఈ లెక్క చేతికి రావడానికి, పాత పేపర్ రాసేటప్పుడు తెలిసిన ప్రశ్నకు టిక్కు, రెండు ఆప్షన్ల మధ్య ఆగినదానికి చుక్క, అసలు తెలియనిదానికి అడ్డగీత పెట్టేవాణ్ణి. దిద్దేటప్పుడు మొత్తం మార్కులకన్నా ముందు ఆ గుర్తులనే విడివిడిగా చూసేవాణ్ణి. సంభావ్యతలో నేను టిక్కు పెట్టినవాటిలోనూ తప్పులు ఎక్కువగా వచ్చేవి. త్రికోణమితిలో చుక్క పెట్టినవి కూడా చాలావరకు ఒప్పయ్యేవి. ఏ అధ్యాయంలో నా నమ్మకాన్ని నమ్మవచ్చో ఆ నోటుపుస్తకమే చెప్పింది.

ఒకే సమాచారం ఇచ్చి దాని మీద వరుసగా రెండు మూడు ప్రశ్నలు అడగడం ఈ గణితం పేపర్‌లో మామూలు. మొదటి అడుగు తప్పితే ఆ గుత్తి మొత్తం తప్పిపోయే ప్రమాదం ఉంది కనుక, మొదటి ప్రశ్న జవాబు ఆప్షన్లలో స్పష్టంగా కనిపించినప్పుడే ముందుకు వెళ్లాలని నియమం పెట్టుకున్నాను. పైగా రాతపరీక్ష కటాఫ్ (ఎంపికకు కావలసిన కనీస మొత్తం), నేను చూసిన సంవత్సరాల్లో, రెండు పేపర్లకూ కలిపి 900 మార్కులకు 400 కూడా చేరలేదు. ఒక్కో పేపర్‌లో 20 లేదా 25 శాతం కనీస మార్కులు తెచ్చుకోవాలన్న షరతు మాత్రం ఉంది. ప్రశ్నలు వదిలేయడానికి కావలసిన ధైర్యం ఆ అంకెల వల్లే వచ్చింది.

ఇంగ్లీషు, జనరల్ నాలెడ్జ్ కలిసి ఉండే రెండో పేపరైన జనరల్ ఎబిలిటీ టెస్ట్‌లో ప్రశ్నలు యథాతథంగా తిరిగి రావడం అరుదు. తిరిగి వచ్చేవి విషయాలు. ఒక ఏడాది తప్పు ఆప్షన్‌గా ఉన్నది మరో ఏడాది ప్రశ్నగా మారవచ్చు. అందువల్ల నేలల గురించిన ప్రశ్నకు నల్లరేగడి జవాబైతే, ఎర్ర నేల, ల్యాటరైట్, ఒండ్రు నేల ఎలా ఏర్పడతాయో, ఎక్కడ ఉంటాయో కూడా రాసుకునేవాణ్ణి. ఇలా చేస్తే ఒక్క పేపర్‌కు వారం పట్టేది, అయినా పది పేపర్లు గబగబా రాయడంకన్నా ఇదే లాభమని ఇప్పటికీ అంటాను. వర్తమాన వ్యవహారాల ప్రశ్నలను మాత్రం చదవకుండా దాటేశాను, పాతవాటితో ప్రయోజనం లేదు.

ఇంగ్లీషుకు ఈ పేపర్‌లో 50 ప్రశ్నలు, 200 మార్కులు. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివిన నాకు వాక్యంలో తప్పు పట్టే ప్రశ్నలే గట్టి అడ్డంకి. ఏ తప్పూ లేదన్న ఆప్షన్ కూడా ఉండటంతో లేని తప్పును వెతికేవాణ్ణి. పాత పేపర్లలోని అటువంటి వాక్యాలన్నిటినీ ఒకచోట రాసి, కీ సాయంతో సరిదిద్ది, బిగ్గరగా చదివాను. ఆర్టికల్స్, ప్రిపోజిషన్ల తప్పులే పదేపదే కనిపించాయి. ఈఏపీసెట్‌లోలాగా పక్కనే తెలుగు అనువాదం ఉండదు, గణితం ప్రశ్నలు ఇంగ్లీషు, హిందీలలోనే ఇస్తారు. కాబట్టి ఈ సాధన గణితానికీ పనికొచ్చింది.

చివరి వారాల్లో ప్రతి ఆదివారం అసలు పరీక్ష వేళలకే, పది నుంచి పన్నెండున్నర వరకు గణితం, రెండు నుంచి నాలుగున్నర వరకు రెండో పేపర్ రాశాను. కంప్యూటర్ మీద బిట్లు పెట్టే మాకు ఓఎంఆర్ పత్రంలో నల్ల పెన్నుతో గుండ్రాలు నింపడం కొత్త, అందుకు పోయే నిమిషాలను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

విశాఖపట్నం కేంద్రంలో పరీక్ష రాసినప్పుడు ప్రశ్నపత్రాన్ని ఇంటికి తెచ్చుకోనిచ్చారు. అందులోనూ అవే గుర్తులు పెట్టి ఉంచాను. తర్వాత రాతపరీక్షలో ఎంపికైనవారి జాబితాలో నా నంబరు కనిపించింది, ఎస్ఎస్‌బీ (సర్వీసెస్ సెలక్షన్ బోర్డు) ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. విడి మార్కులు తుది ఫలితాల తరువాతే వెల్లడిస్తారు. అవి వచ్చాక అధికారిక కీతో సరిచూస్తే, గణితంలో నేను వదిలేసిన ప్రశ్నలు చాలానే ఉన్నాయి, చుక్క పెట్టి జవాబిచ్చినవాటిలో సగానికి పైగా ఒప్పయ్యాయి.