తమ్ముడి రూమ్ మార్చిన నెల

పోయిన వానాకాలం, రాత్రి ఒంటిగంటకు తమ్ముడు ఫోన్ చేశాడు. హన్మకొండ హాస్టల్ నుంచి ఒకే బండి మీద ముగ్గురు కాజీపేటకు చాయ్ తాగడానికి పోయారట. తాగింది చాయ్ ఒక్కటే కాదు. తడి రోడ్డు మీద బండి జారింది. మోకాలికి ఏడు కుట్లు.

తెల్లారి అవ్వ దూదితో రక్తం తుడుస్తూ, వాడు వింటుండగానే అన్నది: "వాళ్ళ బాపు రక్తం, ఎటు పోతది?" వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. బాపు తాగుడుతోనే పోయాడు, అవ్వ భయం నాకు తెలుసు. అయినా ఆ మాటకు నా కడుపు రగిలింది.

నేను డిగ్రీ పిల్లలకు జువాలజీ చెప్తాను. కవలల మీద జరిగిన పరిశోధనలను కలిపి చూస్తే, తాగుడుకు బానిస కావడంలో మనిషికీ మనిషికీ ఉండే తేడాల్లో దాదాపు సగం వంశం నుంచి వస్తుంది. అది జనం మొత్తం మీద వేసిన లెక్క. దాన్ని పట్టుకుని ఒక్క పిల్లవాడి జాతకం చెప్పలేం. తాగుడుకంటూ ఒకే జన్యువు కూడా లేదు. ఎన్నో ఉన్నాయి, ఒక్కోదాని పాలు ఆవగింజంత.

కుట్లు విప్పిన రోజు వాడే అన్నాడు: "నేనొక్కన్నే అయితే అంత స్పీడ్ పోనక్కా. వెనకనుంచి వాళ్ళు అరుస్తుంటే చెయ్యి దానంతటదే తిరుగుతది." సరిగ్గా ఇదే 2005లో అమెరికాలో కారు నడిపే వీడియో గేముతో పరీక్షించారు. పక్కన స్నేహితులుంటే టీనేజీ పిల్లలు, కాలేజీ వయసువాళ్లు ఎక్కువ తెగించారు. పెద్దవాళ్లలో ఆ తేడా కనిపించలేదు.

అదే ఏడాది వచ్చిన ఇంకో పరిశోధన నన్ను నిలవనీయలేదు. ఒక యూనివర్సిటీలో రూమ్మేట్లను లాటరీ తీసినట్టు కేటాయించారు. స్కూల్లోనే బాగా తాగిన అబ్బాయికి అలాంటివాడే జతపడితే కాలేజీలో చాలా ఎక్కువ తాగాడు, అలా తాగనివాడు జతపడితే అంత తాగలేదు. స్కూల్లో అలా తాగని పిల్లల మీద మాత్రం రూమ్మేట్ ప్రభావం కనబడలేదు. మావాడు ఇంటర్‌లోనే మొదలుపెట్టాడు. సావాసం వాడికే ఎక్కువ ముఖ్యం.

ఆ నెలలోనే నయీంనగర్‌లో వేరే రూమ్ చూశాం. రూమ్మేట్ పరకాల అబ్బాయి, పొద్దున ఐదింటికే లేచి గ్రౌండ్‌కు పోతాడు. పాత దోస్తులను వదిలెయ్యమని నేను అడగలేదు. రాత్రిపూట బండి తాళం మాత్రం ఆ అబ్బాయి దగ్గర పెట్టమన్నాను.

దసరాకు ఇంటికి వచ్చినప్పుడు, దావత్‌లో ఒక బీరు తాగానని వాడే నాకు చెప్పాడు. వంటింట్లోంచి అవ్వ విన్నది. గడప దాకా వచ్చి నిలబడి, వాడి మోకాలి మీద మచ్చ చూసి, "తిన్నవా బిడ్డా?" అని అడిగింది.