కలకత్తా మొదటిసారి వెళ్తున్నారా, హోటల్ కంటే ముందు ఏరియా చూసుకోండి

మొన్న డిసెంబర్లో అమ్మానాన్నల్ని కలకత్తా తీసుకెళ్ళి వచ్చాను. వచ్చిన దగ్గర్నుంచి మా ఒడిశా బరంపురంలో వీధివాళ్ళు, ఛత్రపురంలో పిన్ని, పర్లాకిమిడిలో అప్ప అత్తగారు, అందరిదీ ఒకటే ప్రశ్న, "ఏ హోటల్లో దిగారే, పేరు చెప్పు, మేమూ అదే చేసుకుంటాం" అని. పేరు చెప్పేస్తే ఒక్క నిమిషంలో అయిపోయే పని, కానీ నాకు మనసొప్పట్లేదు. మేము దిగిన హోటల్ మాకు సరిపోయింది, అంతే, పిన్ని వెళ్ళేది బాబాయి గుండె ఆపరేషన్ కోసం, ఆవిడ మా హోటల్లో దిగితే రోజూ పొద్దున గంట ప్రయాణం. అందుకే కూర్చుని రాస్తున్నా, కొంచెం పొడుగైనా చదవండి.

నేను మొదటిసారి వెళ్ళింది 2016లో, సాల్ట్ లేక్ సెక్టర్ ఫైవ్‌లో పరీక్ష ఉంటే నాన్న తోడొచ్చాడు. మనవాళ్ళ పద్ధతి తెలుసు కదా, బండి ఎక్కడ దిగితే అక్కడే స్టేషన్ పక్కన గది, నాన్న కూడా అదే అన్నాడు, "స్టేషన్ ఎదురుగా తీసుకుంటే పోద్ది, మళ్ళీ బండెక్కడానికి తేలిక" అని. చిన్న ఊళ్ళలో అది సరిపోద్ది కూడా. కానీ హౌరా అంటే కలకత్తా కాదు, హుగ్లీ నదికి ఇవతలి ఒడ్డు, వేరే జిల్లా, అసలు ఊరంతా బ్రిడ్జి అవతల ఉంది. ఈ ఒక్క ముక్క మాకెవరూ చెప్పలేదు.

ఆ లాడ్జి గది ఇప్పటికీ కళ్ళముందుంది. కిటికీ ఉందన్నారు, ఉంది, రెక్క తీస్తే చెయ్యి చాపితే అందేంత దూరంలో పక్క బిల్డింగ్ గోడ, ఆ సందులో పైనుంచి కిందిదాకా బాత్రూం పైపులు, ఏ అంతస్తులో ఎవరు నీళ్ళు వదిలినా మా మంచం పక్కనే పోసినట్టు చప్పుడు. లిఫ్ట్ ఉందన్నారు, అదీ ఉంది, కానీ ఆ లిఫ్ట్ మొదటి అంతస్తు నుంచి మొదలవుద్ది, దాన్ని అందుకోడానికే ఇరవై రెండు మెట్లు ఎక్కాలి, నాన్నకి అప్పటికే మోకాలు నొప్పి, రోజుకి నాలుగుసార్లు ఆ మెట్ల మీద గోడ పట్టుకుని నిలబడి ఊపిరి తీసుకునేవాడు. పరీక్ష రోజు ఏడున్నరకే బయల్దేరినా బస్సు హౌరా బ్రిడ్జి దాటేసరికే ముప్పావుగంట పట్టింది, గేటు మూసే ముందు ఆరు నిమిషాలుండగా లోపలికెళ్ళాను, మొదటి అరగంట పెన్ను పట్టుకున్న చెయ్యి వణుకుతూనే ఉంది.

ఆ సాయంత్రం నాన్న మెల్లిగా అడిగాడు, టిటాగఢ్ ఒక్కసారి చూసొద్దామా అని. కలకత్తాకి ఉత్తరాన మిల్లుల ఊరు అది, మా తాత అక్కడ జ్యూట్ మిల్లులో పనిచేశాడు. గంజాం నుంచి, శ్రీకాకుళం వైపు నుంచి ఒకప్పుడు ఎన్నో కుటుంబాలు ఆ మిల్లుల్లోకే వెళ్ళాయి, ఖరగ్‌పూర్ రైల్వేలోకి వెళ్ళినట్టే. నాన్న ఆరేళ్ళొచ్చేదాకా ఆ మిల్లు లైన్లలోనే, అంటే కూలీల ఇళ్ళ వరసల్లోనే పెరిగాడు. నేనేమో అలిసిపోయి ఉన్నాను, అక్కడ్నుంచి టిటాగఢ్ ఎలా వెళ్ళాలో తెలీదు, మర్నాడే తిరుగు బండి, "ఈసారి కాదులే నాన్నా" అన్నాను. ఆయన మళ్ళీ ఆ మాటెత్తలేదు. నాకు మాత్రం తొమ్మిదేళ్ళూ అది గుచ్చుకుంటూనే ఉంది.

అందుకే ఈసారి హోటల్ యాప్ తెరవక ముందు ఒక కాగితం తీశాను. ముగ్గురికీ ఏం చూడాలో రాసుకున్నాం. అమ్మకి కాళీఘాట్, దక్షిణేశ్వర్, కుదిరితే బేలూరు మఠం. నాన్నకి టిటాగఢ్, ఇంకేం వద్దన్నాడు. నాకు ఇండియన్ మ్యూజియం, విక్టోరియా మెమోరియల్, న్యూ మార్కెట్. ఇవన్నీ మ్యాప్‌లో చుక్కలు పెట్టి చూస్తే ఊరంతా చెల్లాచెదురుగా కనబడ్డాయి, కాసేపు ఏం తోచలేదు, తర్వాత మెట్రో లైన్లు దాని మీద గీస్తే అప్పుడు అర్థమైంది. ఉత్తరం నుంచి దక్షిణానికి ఒక లైను ఉంది, 1984లో మొదలైన దేశంలోకెల్లా మొదటి మెట్రో అదే, 2021లో దక్షిణేశ్వర్ దాకా పొడిగించారు. దక్షిణేశ్వర్, న్యూ మార్కెట్ పక్కన ఎస్ప్లనేడ్, మ్యూజియం దగ్గర పార్క్ స్ట్రీట్, కాళీఘాట్, అన్నీ ఆ ఒక్క లైను మీదే. రెండోది హౌరా మైదాన్ నుంచి నది కిందగా ఎస్ప్లనేడ్, సియాల్దా మీదుగా సెక్టర్ ఫైవ్ వెళ్ళేది, నది కింద ముక్క 2024 మార్చిలో మొదలైంది, మొత్తం లైను 2025 ఆగస్టులో కలిసింది. నేను 2016లో పడ్డ అవస్థ ఇప్పుడు పరీక్ష రాయడానికి వెళ్ళే పిల్లలకి లేదు, హౌరాలో దిగి నేరుగా సెక్టర్ ఫైవ్‌లో తేలొచ్చు. ఈ రెండు లైన్లూ కలిసేది ఎస్ప్లనేడ్‌లో. కాబట్టి మొదటి లైను మీద ఏ స్టేషన్‌కైనా నడిచేంత దూరంలో గది ఉంటే మా కాగితం మీద ఉన్నవన్నీ తిరగొచ్చు.

ఇంక ఏ స్టేషన్ అన్నదే మిగిలింది. ఎస్ప్లనేడ్, చాందినీ చౌక్ చుట్టుపక్కల అన్నిటికీ మధ్యలో ఉంటుంది, ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళు వెళ్తుంటే కళ్ళు మూసుకుని అక్కడే తీసుకోండి. దాని పక్కనే సదర్ స్ట్రీట్, మార్క్విస్ స్ట్రీట్, బ్యాగులేసుకుని తిరిగే ఫారిన్ వాళ్ళు, బంగ్లాదేశ్ నుంచి వచ్చేవాళ్ళు ఎక్కువగా దిగే చోటు, గదులు చవకే కానీ కిటికీ లేనివి చాలా ఉంటాయి, ఫొటోలో పరదా కనిపిస్తే పరదా వెనక ఏముందో అడగాలి. పార్క్ స్ట్రీట్ బాగుంటుంది, డబ్బులూ అలాగే ఉంటాయి, క్రిస్మస్ వారం అసలు వద్దు. బడా బజార్ మన బరంపురం బట్టల షాపులవాళ్ళు సరుక్కి వెళ్ళే చోటు, వాళ్ళకి అక్కడ గది తీసుకోవడమే లాభం, పెద్దవాళ్ళని మాత్రం ఆ తోపుడు బళ్ళ మధ్యకి, నెత్తిన మూటలతో పరిగెత్తే కూలీల మధ్యకి తీసుకెళ్ళకండి. వానాకాలం అయితే కాలేజ్ స్ట్రీట్, ఠన్‌ఠనియా వైపు వద్దు, గట్టిగా ఒక్క వాన పడితే మోకాలి లోతు నీళ్ళు నిలుస్తాయి. ఆసుపత్రి పని మీద వెళ్ళేవాళ్ళు, పిన్నీ ఇది నీకే, ముకుందపూర్, ఈఎం బైపాస్ వైపు ఆసుపత్రుల చుట్టూ గెస్ట్ హౌస్‌లు బోలెడున్నాయి, కొన్నిట్లో వంట చేసుకోనిస్తారు, పథ్యం తినే మనిషికి అది పెద్ద సాయం, ఊరు చూడ్డం తర్వాత సంగతి.

మేము తీసుకున్నది లేక్ మార్కెట్. కాళీఘాట్ మెట్రో దిగి రాస్ బిహారీ ఎవెన్యూ మీద పది నిమిషాల నడక. దక్షిణాది వాళ్ళు తరతరాలుగా ఉంటున్న పేట అది, తమిళులు ఎక్కువ, మన వాళ్ళూ ఉన్నారు. అమ్మకి బయట అన్నం పడదు, రెండు రోజులకే నీరసించిపోతుంది, అందుకే నేను మిగతా అన్నిటికంటే దీన్నే ఎక్కువ చూశాను. మొదటి పొద్దున మార్కెట్ దాకా నడిచెళ్ళాం. అరిటాకులు కట్టలు కట్టి పెట్టారు, మల్లెమొగ్గ మాలలు తడిగుడ్డలో చుట్టి ఉన్నాయి, కరివేపాకు, మునక్కాడలు, పక్క హోటల్లోంచి సాంబారు తిరగమోత వాసన. అమ్మ అక్కడే నిలబడిపోయింది, "ఇక్కడైతే నెల్రోజులుంటాను" అంది. ఇడ్లీ తిని ఫిల్టర్ కాఫీ తాగి వెనకాల రవీంద్ర సరోవర్ చెరువుకట్ట మీద మెల్లిగా నడిచాం, నాన్న మోకాలు ఆ రోజంతా నొప్పనలేదు.

లేక్ మార్కెట్ వైపు మొగ్గడానికి ఇంకో కారణం కూడా ఉంది, మన బండి. బరంపురం నుంచి వెళ్ళే బళ్ళన్నీ హౌరా వెళ్ళవు, కోరమండల్ లాంటివి ఇప్పుడు శాలిమార్ దగ్గరే ఆగిపోతున్నాయి, కొన్ని సాంత్రాగాఛీలో. టికెట్ మీద ఏ స్టేషన్ రాసుందో చూసుకోకుండా హౌరా అనుకుని గది బుక్ చేసుకున్నవాళ్ళు మా బోగీలోనే రెండు కుటుంబాలున్నాయి. శాలిమార్లో మెట్రో లేదు. కానీ శాలిమార్ నుంచి విద్యాసాగర్ సేతు ఎక్కితే హౌరా బ్రిడ్జి గొడవే లేకుండా ఊరికి దక్షిణం వైపు దిగుతాం, పొద్దున పూట టాక్సీలో లేక్ మార్కెట్ అరగంట కూడా పట్టలేదు.

ఏరియా కుదిరాక హోటల్ ఎంచుకోవడం పెద్ద కష్టం కాలేదు. నాలుగు హోటళ్ళు పక్కన పెట్టుకుని నాలుగిటికీ ఫోన్ చేశాను. రివ్యూల్లో ఐదు చుక్కలవి, ఒక చుక్కవి వదిలేసి మూడు చుక్కలు ఇచ్చినవాళ్ళు ఏం రాశారో చదివాను, అదీ గత ఆరు నెలల్లోవే, వాళ్ళే నిదానంగా ఉన్నదున్నట్టు చెప్తారు. ఫోన్లో నేనడిగినవి ఇవి, లిఫ్ట్ రోడ్డు మట్టం నుంచే ఉందా లేక ముందు మెట్లెక్కాలా, కిటికీ తీస్తే ఏం కనపడుద్ది, చెక్ ఇన్ మధ్యాహ్నం పన్నెండుకా లేక మనం ఎప్పుడొస్తే అప్పట్నుంచి ఇరవై నాలుగ్గంటలా, ముందే చేరితే సామాన్లు పెట్టుకుని స్నానం చేయనిస్తారా, చెప్పిన రేటులో జీఎస్టీ కలిపారా లేదా. 7500 లోపు గదులకి ఇప్పుడు 5 శాతం, పెద్ద మొత్తం కాదు కానీ ముందే తేల్చుకుంటే కౌంటర్ దగ్గర వాదన ఉండదు. ఒకాయన లిఫ్ట్ మాట అడగ్గానే "ఉంది మేడమ్, రండి చూసుకోండి" అని ఫోన్ పెట్టేశాడు. ఇంకొకాయన ముసలాయన, భద్రక్ మనిషి, నేను ఒడియాలో మాట్లాడేసరికి ఎంత సంతోషపడ్డాడో, "ముందు మూడు మెట్లున్నాయమ్మా, మూడే, మీ నాన్నగారి కోసం మా కుర్రాణ్ణి నిలబెడతాను" అన్నాడు. రాత్రికి 2200, ముగ్గురికి పెద్ద గది. యాప్‌లో ఇంకో నూట యాభై తక్కువ చూపించింది, అయినా ఫోన్లోనే ఖాయం చేసేశాను. వెళ్ళాక చూస్తే నిజంగానే మూడు మెట్లు. అన్నట్టు ఆధార్ ఒరిజినల్ అందరివీ పట్టుకెళ్ళండి. విక్టోరియా లోపలి మ్యూజియం, ఇండియన్ మ్యూజియం రెండూ సోమవారం మూసేస్తారు, మాకు తెలుసు కాబట్టి సోమవారం దక్షిణేశ్వర్ పెట్టుకున్నాం, అక్కడ మొక్కుకుని రేవులో పడవెక్కి బేలూరు మఠం కూడా చూసొచ్చాం.

మంగళవారం టిటాగఢ్. కాళీఘాట్‌లో మెట్రో ఎక్కి ఎస్ప్లనేడ్‌లో మారి సియాల్దాలో దిగాం, అక్కడ్నుంచి బారక్‌పూర్ వైపు లోకల్. నాన్న కిటికీ పక్కన కూర్చుని ఒక్కో స్టేషన్ పేరూ పైకి చదువుతున్నాడు, ఖర్దహ దాటగానే మాట ఆపేశాడు. లైన్లు చాలా మారిపోయాయి, ఆయనకి తాము ఉన్న గది ఏదో గుర్తు దొరకలేదు. తిరిగి తిరిగి ఒక కుళాయి దగ్గర నిలబడ్డాం, అక్కడొక పెద్దావిడ బిందె కడుగుతూ లోపల ఎవర్నో కేకేస్తోంది, "ఒరే, నీళ్ళు ఆగిపోతాయిరా, రెండో బిందె తే" అని. అచ్చం మా నాయనమ్మ మాట. నాన్న వెళ్ళి తెలుగులో "అమ్మా, మీదే ఊరు" అని అడిగాడు. ఆవిడ చెంగుతో చేతులు తుడుచుకుని "సోంపేట దగ్గర బాబూ, పుట్టింది మాత్రం ఇక్కడే" అంది, కూర్చోమని మంచం వాల్చింది. మేము అక్కడ్నుంచి లేచేసరికి సాయంత్రం నాలుగైంది.