బిగబట్టిన ఊపిరి

కెమెరాను ట్రైపాడ్ మీద కాకుండా చేతుల్లో పట్టుకుని షాట్ తీసేవాళ్లందరికీ ఒక అలవాటు ఉంటుంది. బటన్ నొక్కే ముందు సగం ఊపిరి వదిలి, మిగిలిన సగాన్ని బిగబట్టి, మోచేతులను పక్కటెముకలకు ఆనించుకుని, షాట్ పూర్తయ్యేదాకా అలాగే నిలబడిపోతాం. ఫ్రేము కదలకుండా ఉండేది చేతి బలం వల్ల కాదు, ఊపిరి వల్ల. కృష్ణానగర్‌లో సహాయకుడిగా చేరిన కొత్తలో ఒక పెద్ద కెమెరామన్ నాకు మొదట నేర్పిన పాఠం అదే. ఆ తరువాత పదమూడేళ్లు పెళ్లిళ్లలో, జాతరల్లో, డాక్యుమెంటరీల్లో పనిచేశాను. ఇరవై ఐదు సెకన్లు ఊపిరి బిగబట్టి నిలబడటం నాకు ఎన్నడూ కష్టమనిపించలేదు. నా ఊపిరితిత్తులు నా పనిముట్లలో ఒకటని మాత్రం 2022 ఆగస్టు దాకా నాకు తట్టలేదు.

ఆ నెలలో మేము హిమాచల్‌ప్రదేశ్‌లోని స్పితి లోయలో ఉన్న కిబ్బర్ గ్రామం నుంచి పరాంగ్ లా కనుమ దాటి, లద్దాఖ్‌లోని త్సో మోరిరి సరస్సు వరకు నడిచి వెళ్లే ప్రయాణాన్ని చిత్రీకరించడానికి బయలుదేరాం. దాదాపు 5,580 మీటర్ల ఎత్తున ఉన్న ఆ కనుమ మీదుగా ఒకప్పుడు స్పితికీ చాంగ్‌తాంగ్ పీఠభూమికీ మధ్య వర్తకం సాగేది. ఇప్పుడు కిబ్బర్ దాటాక సరస్సు ఒడ్డున ఉన్న కోర్జోక్ వచ్చేవరకు, అంటే వారానికి పైగా నడిచినా, దారిలో ఊరన్నది లేదు. తిండి, గుడారాలు, బ్యాటరీలు అన్నీ గుర్రాల మీద వెంట రావలసిందే. సరిహద్దుకు దగ్గరి ప్రాంతం కాబట్టి డ్రోన్ తీసుకుపోలేదు. అందువల్ల విశాలమైన దృశ్యం కావాలంటే నేనే ఏదో ఒక గుట్ట ఎక్కవలసి ఉండేది.

బయలుదేరే ముందు మూడు నెలలపాటు, వారానికి నాలుగు రోజులు, తెల్లవారుజామున లంగర్‌హౌస్ నుంచి బండి మీద గోల్కొండకు వెళ్లేవాడిని. కోట తెరిచీ తెరవగానే, వీపున పన్నెండు కిలోల బరువుతో, బాలాహిస్సార్ దాకా ఉన్న 360 మెట్లూ ఎక్కి దిగేవాడిని. మూడో నెలకల్లా ఎక్కడా ఆగకుండా రెండుసార్లు ఎక్కగలిగాను. నాకు ఏమీ కాదన్న నమ్మకం ఆ మెట్ల మీదనే కలిగింది. ఎత్తైన ప్రదేశపు గాలికి శరీరం అలవాటు పడటం వేరు, కాళ్లలో సత్తువ ఉండటం వేరు అని నాకు అప్పుడు తెలియదు. పైగా సత్తువ ఉన్నవాడే అందరికంటే వేగంగా ఎక్కి, అందరికంటే ముందుగా ప్రమాదంలో పడతాడని తరువాత డాక్టరు చెప్పారు.

మొదటి పొరపాటు పూర్తిగా నాది. హైదరాబాద్ వానల్లో పట్టుకున్న జలుబు, దగ్గు ఇంకా తగ్గకముందే రైలెక్కాను, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే నన్ను వదిలి వెళతారని భయపడ్డాను. రెండో పొరపాటు అందరిదీ. షెడ్యూలులో రోజులు తక్కువగా ఉన్నాయని, దాదాపు 2,050 మీటర్ల ఎత్తున ఉన్న మనాలిలో తెల్లవారకముందే బయలుదేరి, అటల్ టన్నెల్ దాటి, 4,500 మీటర్లకు పైబడిన కుంజుమ్ కనుమ మీదుగా అదే సాయంత్రానికి కాజా చేరుకున్నాం. కాజా దాదాపు 3,650 మీటర్ల ఎత్తున ఉంటుంది. మూడు వేల మీటర్లు దాటిన తరువాత, పడుకునే చోటు ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదని, మూడు నాలుగు రోజులకు ఒకసారి ఎక్కడం ఆపి ఒక రోజు విశ్రాంతి తీసుకోవాలని పర్వత వైద్యులు చెబుతారు. మేము ఒక్క పగటిలో 1,600 మీటర్లు ఎక్కి పడుకున్నాం. మరునాడు విశ్రాంతి అని కాగితం మీద రాసుకున్నా, ఆ రోజంతా కీ మఠం దగ్గర షూటింగ్ చేశాం.

నడక మొదలైన తరువాత మిగతావాళ్లు ఒక్కసారి నడిచిన దారిని నేను దాదాపు రెండుసార్లు నడిచాను. చిత్రీకరణ అంటే అంతే మరి. నడుస్తున్నవాళ్లను ఎదురుగా చూపించాలంటే వాళ్లకంటే ముందు పరుగెత్తి, ట్రైపాడ్ దించి, ఫ్రేము చూసుకుని సిద్ధంగా ఉండాలి. వాళ్లు దాటిపోయాక వెనుక నుంచి మరో షాట్ తీసి, సామాను సర్దుకుని, మళ్లీ వాళ్లను దాటి ముందుకు పోవాలి. మా గైడ్ కిబ్బర్ మనిషి. మొదటి రోజే నన్ను ఆపి, "భాయ్, ధీరే చలో, ఇక్కడ ఎవరికీ బహుమతి ఇవ్వరు" అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను. ఆ మధ్యాహ్నం ఎదుటి వాలు మీద నీలి గొర్రెల మంద కనిపిస్తే, వాటి కోసం రాళ్ల మీదుగా అడ్డంగా పరుగెత్తాను. ఆ షాట్ బాగా వచ్చింది.

థల్తక్ మజిలీలో పడుకున్న రాత్రి పొడి దగ్గు ఎక్కువైంది. దుమ్ము వల్లనేమో అనుకున్నాను. చలికి చార్జి దిగిపోకుండా బ్యాటరీలను ఒంటికి ఆనించుకుని స్లీపింగ్ బ్యాగులో పెట్టుకోవడం నా అలవాటు. దగ్గినప్పుడల్లా అవి ఒకదానికొకటి తగిలి టకటక మనేవి, ఆ చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. మరునాడు లోతైన లోయలోకి దిగి, మళ్లీ పైకి ఎక్కి, కనుమ కింద 5,000 మీటర్లకు పైనున్న బొరొగెన్ మజిలీకి చేరేసరికి అందరికంటే వెనుక నేనే ఉన్నాను. మూడు రోజులుగా అందరికంటే ముందున్న మనిషి చివరన రావడమే గైడ్‌కు అనుమానం కలిగించిన మొదటి గుర్తట. బూటు తాడు విప్పుకోవడానికి వంగితే ఆయాసం వచ్చింది. కూర్చుని ఉన్నా ఆయాసం తగ్గలేదు.

ఆ రాత్రి పడుకోగానే ఛాతీలో గురగుర మని చప్పుడు మొదలైంది. హుక్కా పీలుస్తున్నప్పుడు నీళ్లలో వచ్చే చప్పుడు లాంటిదది. లేచి కూర్చుంటే తగ్గుతుంది, వెల్లకిలా పడుకుంటే పెరుగుతుంది. గుడారంలో నా పక్కన పడుకున్న మా దర్శకుడు, నాకంటే చిన్నవాడు, "అన్నా, ఆ చప్పుడు నీ లోపలి నుంచేనా?" అని అడిగాడు. టార్చి వెలుగులో ఉమ్మిన కఫం నురగ నురగగా, లేత గులాబీ రంగులో కనిపించింది. ఆ రంగు ఇప్పటికీ నా కళ్లలోనే ఉంది. గైడ్ వచ్చి, రక్తంలో ఆక్సిజన్ శాతం చూపించే ఆక్సీమీటరు వేలికి పెట్టాడు. మిగతావాళ్లకు ఎనభైకి అటూ ఇటూ చూపిస్తున్న ఆ పరికరం నాకు 58 చూపించింది.

అతను ఎవరినీ సలహా అడగలేదు. మందుల పెట్టెలో మడతపెట్టి ఉంచిన వైద్యుడి సూచనల కాగితం తీసి చూసి, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి తగ్గించే నిఫెడిపిన్ మాత్ర మింగించి, చిన్న సిలిండర్ నుంచి ఆక్సిజన్ పెట్టి, నన్ను సామాన్ల మూటలకు ఆనించి కూర్చోబెట్టాడు. తెల్లవారేదాకా నేను కునుకు పట్టి పక్కకు ఒరగకుండా భుజం పట్టుకుని పక్కనే ఉన్నాడు. తెల్లవారగానే నన్ను గుర్రం మీద కూర్చోబెట్టాడు. ఎత్తు వల్ల ఊపిరితిత్తుల్లో నీరు చేరే ఈ జబ్బుకు కిందికి దిగడమే అసలు మందు. కానీ రోగి తన కాళ్ల మీద నడిచి దిగితే ఆ శ్రమకే జబ్బు ముదురుతుంది. ఆ దారిలో ఇంకో చిక్కు ఉంది: కిబ్బర్‌కు దిగాలంటే నడుమనున్న లోయలోకి దిగి, అవతలి గట్టు మళ్లీ ఎక్కాలి. ఆ ఎక్కుడులో గుర్రం రొప్పుతుంటే, దాని పక్కటెముకలు నా మోకాళ్ల మధ్య పొంగుతూ అణుగుతూ ఉంటే, ఆ ఊపిరిలో సగమైనా నాకు వస్తే బాగుండునని నిజంగానే కోరుకున్నాను.

సాయంత్రానికి కాజా ఆసుపత్రిలో ఉన్నాను. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి మధ్య భాగమంతా దూదిపింజలు అంటించినట్లు తెల్లని మచ్చలున్నాయి. ఆ రాత్రంతా ఆక్సిజన్ మీదే గడిచింది. అయితే కాజా కూడా ఎత్తైన ఊరే కాబట్టి ఇంకా కిందికి తీసుకుపొమ్మని డాక్టరు చెప్పారు. మనాలి దారి దగ్గర, కానీ కుంజుమ్ కనుమ ఎక్కి దాటాలి. అందువల్ల స్పితి నది వెంట కిన్నౌర్ వైపు, తాబో మీదుగా తీసుకువెళ్లారు. నాకో అనే ఊరి దగ్గర రోడ్డు కొంత ఎక్కుతుంది, కానీ కుంజుమ్ అంత ఎత్తు కాదు. జీపులో సిలిండర్ పక్కన కూర్చుని, సట్లెజ్ కనిపించే వరకు మైలురాళ్లు లెక్కపెట్టాను. దాదాపు 2,300 మీటర్ల ఎత్తున ఉన్న రికాంగ్‌పియో చేరిన మరునాటి ఉదయం, మాస్కు తీసేసినా ఆక్సీమీటరు 93 చూపించింది.

వారం తరువాత హైదరాబాద్‌లో ఇంటి మెట్లు ఎక్కి, రెండో అంతస్తులో గోడకు చేయి ఆనించి నిలబడ్డాను. మా అమ్మ సిద్దిపేట నుంచి ముందే వచ్చి ఉంది. "బిడ్డా, గట్ల ఎగపోస్తున్నవేందిరా?" అని నా ఛాతీ మీద చేయి వేసి, కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ నెలంతా నాకు నాలుగు అంతస్తులు ఒక్కసారిగా ఎక్కడం సాధ్యం కాలేదు. నీరు మూడు నాలుగు రోజుల్లోనే ఇంకిపోయింది గానీ నీరసం ఆరు వారాలు ఉండిపోయింది. రాత్రిపూట వెల్లకిలా పడుకోవడానికి భయపడే అలవాటు అంతకంటే ఎక్కువ కాలం ఉంది, దానికి మందు ఎవరూ రాసివ్వలేదు.

ఊపిరితిత్తుల డాక్టరు నాకు జరిగిందేమిటో ఓపికగా వివరించారు. గాలిలో ఆక్సిజన్ పాలు ఎక్కడైనా 21 శాతమే, కానీ 5,500 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదాంట్లో సగానికి పడిపోతుంది. ఆక్సిజన్ తగ్గితే ఊపిరితిత్తుల్లోని సన్నని రక్తనాళాలు బిగుసుకుంటాయి. కొందరిలో అవి అంతటా సమానంగా బిగుసుకోవు. తెరిచి ఉన్న నాళాల్లోకి రక్తమంతా ఒత్తిడితో ఒక్కసారిగా దూసుకువచ్చి, వాటి పలుచని గోడల గుండా నీరు గాలి సంచుల్లోకి కారిపోతుంది. ఒకప్పుడు ఇలా చనిపోయిన వారిని నిమోనియాతో పోయారనే అనుకునేవారట. 1960లో చార్లెస్ హ్యూస్టన్ అనే అమెరికన్ వైద్యుడు, పర్వతారోహకుడు, ఇది వేరే జబ్బని ఒక వైద్య పత్రికలో రాశారు. 1962 యుద్ధకాలంలో మైదానాల నుంచి హిమాలయాలకు హడావుడిగా తరలించిన మన సైనికుల్లో ఎందరో ఎత్తు వల్ల జబ్బుపడ్డారు. ఇందర్ సింగ్, ఆయన సహచర వైద్యులు 1,925 మంది సైనికులను పరిశీలించి 1969లో ప్రచురించిన వ్యాసాన్ని ఇప్పటికీ వైద్యులు చదువుతారట. ఎకో పరీక్షలో నా గుండె బాగానే ఉందని తేలింది. ఒకసారి వచ్చినవారికి, అదే వేగంతో ఎక్కితే, మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువని డాక్టరు గట్టిగా చెప్పారు.

అక్టోబరులో శ్రీనగర్ కాలనీలోని ఎడిటింగ్ గదిలో రషెస్, అంటే ఇంకా కత్తిరించని షాట్లు, చూడటానికి కూర్చున్నాను. కనుమ దాటిన తరువాతి భాగమంతా దర్శకుడు రెండో కెమెరాతో తీశాడు. పరే చూ నదిని మోకాలి లోతు నీళ్లలో దాటడం, త్సో మోరిరి నీలం, ఇవన్నీ నేను తెరమీదనే చూశాను. కానీ నన్ను కదిలించినవి నేను తీసిన షాట్లే. కెమెరా మీది మైకుకు అందరికంటే దగ్గరగా ఉండేది కెమెరామనే కాబట్టి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే ప్రతి షాట్ మొదట్లో, చివర్లో నా ఊపిరి వినిపిస్తుంది. కాజాలో తీసిన షాట్ ఇరవై నాలుగు సెకన్లు, ఫ్రేము రాయిలా ఉంది. కిబ్బర్‌లో పదిహేడు సెకన్లు. నీలి గొర్రెల షాట్ పన్నెండు సెకన్లు. చివర్లో ఒక దగ్గు, దాని వెనుక సన్నగా పిల్లికూత. బొరొగెన్ చేరేముందు, గైడ్ గుర్రాన్ని కళ్లెం పట్టి నడిపిస్తున్న షాట్‌లో నాలుగో సెకనుకే ఫ్రేము వణికింది. ఆ వెనుక గురగుర స్పష్టంగా ఉంది. అంటే రాత్రి గుడారంలో మొదలైందనుకున్న చప్పుడు మధ్యాహ్నం రెండున్నరకే రికార్డయి ఉంది. ఎడిటర్ దాన్ని గాలి చప్పుడనుకుని తీసేయబోతుంటే ఆపాను.

ఆ నాలుగు షాట్ల శబ్దాన్ని ఫోనులో వేసుకుని డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లాను. ఆమె కళ్లు మూసుకుని రెండుసార్లు విని, మూడో షాట్ దగ్గర ఆపించి, "ఇక్కడే వెనక్కి తిరగవలసింది" అన్నారు. ఆ షాట్ తీసిన రోజు నేను అందరికంటే ముందున్నాను, చేతిలో కెమెరా ఉంది, వెలుతురు బాగుంది. ఎవరైనా ఆగమని చెప్పి ఉంటే ఆగేవాడిని కాదేమోనన్న సంగతి ఆమెకు చెప్పాను.

డిసెంబరు నుంచి మళ్లీ గోల్కొండ మెట్లు మొదలుపెట్టాను, మొదట బరువు లేకుండా, సగం వరకే. సంక్రాంతి తరువాత పెళ్లిళ్ల పనికి వెళ్లాను. మొన్న బాలాహిస్సార్ మీద నిలబడి, కుతుబ్‌షాహీ సమాధుల గుమ్మటాల వైపు కెమెరా పెట్టి ఒక షాట్ తీశాను. ఇరవై రెండు సెకన్లు నిలిచింది.

వచ్చే వేసవిలో దర్శకుడు మళ్లీ స్పితికి పోదామంటున్నాడు. డాక్టరు అనుమతి ఇచ్చారు గానీ షరతులు పెట్టారు. దారిని ఆమె ఎదుటే కాగితం మీద రాసుకున్నాను. సిమ్లా వైపు నుంచి వెళ్లి నార్కండాలో ఒక రాత్రి, కల్పాలో రెండు, తాబోలో రెండు, కాజాలో మూడు రాత్రులు ఉండాలి. ఎక్కడం మొదలుకాగానే నిఫెడిపిన్ వేసుకోవాలి. జలుబు ఉంటే బయలుదేరకూడదు. చివరి షరతు నేనే చేర్చి దర్శకుడి చేత సంతకం పెట్టించాను: ఎదురు షాట్ కావాలంటే నేను ట్రైపాడ్ పెట్టుకునేంతవరకు బృందం ఆగాలి, ట్రైపాడ్ మోయడానికి ఇంకో మనిషి ఉండాలి. కిబ్బర్ గైడ్‌కు ఫోను చేసి ఇదంతా చదివి వినిపిస్తే, కాజాలో ఇంకో రాత్రి కలపమన్నాడు, కలిపాను.