మూతబడ్డ రైసు మిల్లుల జాగను ఇండ్ల కాలనీ చేసుడు: నా అనుభవం

ఫైనల్ లేఅవుట్ కాయిదం మొన్ననే చేతికొచ్చింది. కోపం ఇంకా తగ్గలే, అందుకే ఇప్పుడే రాస్తున్న. మాది నాగార్జునసాగర్ ఎడమ కాల్వ కింద ఒక పట్టణం. పేరెందుకు రాస్తలేనో చదివితే మీకే తెలుస్తది. 1967ల సాగర్ నీళ్లు వదిలినంక వడ్లు పెరిగినయి, వడ్ల ఎనుక మిల్లులు వచ్చినయి. అప్పట్ల ఊరి బయట కట్టిన మిల్లులు ఇప్పుడు నడి ఊర్ల ఉన్నయి. కొత్త మిల్లులన్నీ బైపాస్ దిక్కు పోయినయి. పాత వరసల పక్కపక్కన మూడు మూతబడ్డయి, నాలుగోది మాత్రం ఇంకా నడుస్తున్నది. ఆ మూడూ కలిపి ఐదెకరాల చిల్లర. వారసులందరం ఒక్కటై పెట్టిన ఫైలు ఇది.

ఒక్కటైతేనే పని అయితది, ఇది మొదలే చెప్తున్న. ఒక్క మిల్లు జాగను ఒంటరిగ రెసిడెన్షియల్ చేయమంటే, చుట్టూ పరిశ్రమల జోన్ నడుమ ఒక్క ముక్కను ఎట్ల మార్చాలె అని కొర్రీ పెడ్తరు. వరస మొత్తం ఒకే బ్లాకుగ పోతే ఆ మాట రాదు.

తేలిక పనులు ముందుగాల చెప్పేస్త. ఈసీలు (జాగ మీద అప్పులు, అమ్మకాలు చూపే సర్టిఫికెట్లు), లింకు డాక్యుమెంట్లు (పాత దస్తావేజులు) తీసుడు సులువే. ఫ్యాక్టరీ లైసెన్సు సరెండర్ ఒక దరఖాస్తుతో పోయింది. బాయిలర్ కోసేముందు దాని రిజిస్ట్రేషన్ నంబర్‌తోని బాయిలర్ల ఇన్‌స్పెక్టర్‌కు రాసి ఇయ్యాలె, స్క్రాప్ వ్యాపారి తొందర పెడ్తడు గాని వినొద్దు. మిల్లుకున్న హెచ్‌టీ (హైటెన్షన్) కరెంటు సర్వీసు రద్దు పెట్టేముందు ఒప్పందం గడువు చూసుకోండి. మిల్లు ఆగినా కనీస చార్జీలు ఆగయి, ఆ బకాయి జాగను పట్టుకొనే ఉంటది, రేపు ప్లాట్లకు కొత్త లైను అడిగితే ముందు అదే కట్టమంటరు.

ఇగ అసలు కథ. మా జాగ మూడు ఆఫీసుల్ల మూడు తీర్ల ఉన్నది. రెవెన్యూ రికార్డుల అది మెట్ట భూమి. చిమ్నీ నిలబడి నలభై ఏండ్లు దాటినా, పహాణీల మిల్లు అనే మాటే లేదు. మాస్టర్ ప్లాన్‌ల ఊదారంగు, అంటే పరిశ్రమల జోన్. మున్సిపాలిటీ పన్ను రశీదుల కమర్షియల్. ఇండ్ల కోసం నాలా కన్వర్షన్, అంటే వ్యవసాయ భూమిని వ్యవసాయేతర భూమిగ మార్చుడు, అడిగితే, 'మాస్టర్ ప్లాన్‌ల పరిశ్రమ ఉంటే ఇండ్లకెట్ల ఇస్తం, జోన్ మార్చుకొని రండి' అన్నరు. జోన్ మార్చమని పోతే, 'రికార్డుల వ్యవసాయ భూమి ఉన్నది, నాలా తెచ్చుకోండి' అన్నరు. ఒక సీటు కాడ ఒకాయనైతే పది మంది ముందర నవ్వుకుంట, 'ఇంతకూ మీరు ఆడ వడ్లు పండిస్తున్నరా, బియ్యం పడుతున్నరా?' అన్నడు. ఇంటి పన్ను, మిల్లు పన్ను తాతల నాటి నుంచి తప్పకుండ కట్టినోళ్లను దొంగల లెక్క నిలబెట్టి అడిగిన మాట అది. నేను మరువను.

చిక్కు విప్పే దారి చట్టంలనే ఉన్నది. 2006 నాటి వ్యవసాయ భూమి మార్పిడి చట్టం అడిగేది ఒక్కటే: ఈ భూమి వ్యవసాయానికా, కాదా. ఇల్లు కడ్తవా, ఫ్యాక్టరీ పెడ్తవా అని తేల్చేది మాస్టర్ ప్లాన్. కాబట్టి నాలా ముందు, జోన్ మార్పు తర్వాత. ఈ ముక్కను లిఖితపూర్వకంగ పెట్టి ఇన్‌వర్డ్ నంబరు తీసుకుంటే అప్పుడు కదిలింది. నోటితోని చెప్పిన మాటకు ఆఫీసుల విలువ లేదు. ఏ కొర్రీ అయినా కాయిదం మీద రాసియ్యమనండి, సగం కొర్రీలు ఆడనే ఆగిపోతయి. మిగిలిన సగానికి సమాచార హక్కు చట్టం ఉన్నది, 30 రోజుల్ల జవాబు ఇయ్యాలె.

నాలా కంటే ముందు ఇంకో మెలిక. పట్టా తాత పేరు మీద, మిల్లు భాగస్వామ్య ఫర్మ్ పేరు మీద, పన్ను ఇంకెవరో పాత పార్ట్‌నర్ పేరు మీద ఉంటది. విరాసత్ (వారసుల పేరుకు మార్పు) అయి, బతికున్నోళ్ల పేరు మీద పాసుపుస్తకం వస్తేనే దరఖాస్తు తీసుకుంటరు. విస్తీర్ణం తేడాకు, భూమి స్వభావం తప్పుకు సర్కారు భూరికార్డుల పోర్టల్ ధరణిల టీఎం-33 అనే మాడ్యూల్ ఉండె. 2025 ఏప్రిల్ నుంచి దాని జాగల భూభారతి వచ్చింది, తెర మారింది గాని అడిగే కాయిదాలు అవే. ఫర్మ్ రద్దు పత్రం, వాటాల ఒప్పందం రిజిస్ట్రేషన్ చేయించి పెట్టుకోండి. నోటరీ కాయిదం ఈడ పనికిరాదు.

జోన్ మార్పు ఫైలు నడిచే తీరు ఇట్ల ఉంటది: మున్సిపాలిటీల దరఖాస్తు, టౌన్‌ప్లానింగ్ వాళ్ల స్థల తనిఖీ, కౌన్సిల్ తీర్మానం, ఆడి నుంచి హైదరాబాద్‌ల పట్టణ ప్రణాళిక డైరెక్టరేట్, ఆఖరుకు మున్సిపల్ శాఖ. ఆ తర్వాత ముసాయిదా నోటిఫికేషన్, అభ్యంతరాలకు 15 రోజుల గడువు, మార్పిడి చార్జీలు, తుది ఉత్తర్వు. తనిఖీల మా ఫైలు రోడ్డు కాడ ఆగింది. మాస్టర్ ప్లాన్ గీతల మిల్లు రోడ్డు 40 ఫీట్లు, నేల మీద టేపు పెడితే 24 ఫీట్లు. ధర్మకాంటలు, కాంపౌండ్ గోడలు రెండు దిక్కులా ముందుకు జరిగినయి. ఆ తక్కువపడ్డ జాగను గిఫ్ట్ డీడ్ రాసి మున్సిపాలిటీకి ఇయ్యాలె, పైసలు రావు. ఏడ్చుకుంట ఇచ్చేకంటే ముందే ఇచ్చి ఫైలుల పెడితే మంచిది, ఎట్లైనా తీసుకునేటిదే. కాకపోతే రోడ్డు నడుమ గీత నుంచి రెండు దిక్కులా సమానంగ కొలిపించుకోండి. ఎదురుంగ పలుకుబడి ఉన్నోళ్లుంటే గీత మీ దిక్కే జరుగుతది.

తర్వాత పేపర్ల నోటిఫికేషన్ పడ్డది, అభ్యంతరం వచ్చింది. ఇచ్చింది ఎవరో కాదు, నడుస్తున్న ఆ నాలుగో మిల్లాయన. నాకైతే తల తిరిగింది, పండుగలకు పిలుచుకునే సంబంధం. కాని కాయిదం చదివితే ఆయన భయం నిజమైందే. ఇయ్యాల పక్కన ఖాళీ షెడ్లున్నయి, ఊక ధూళి ఎగిరినా అడిగేటోడు లేడు. రేపు ఇండ్లొస్తే, మేడ మీద బట్టలు నల్లబడ్డయని మొదటి కంప్లైంటు పొల్యూషన్ బోర్డుకు పోతది. ముందు నుంచి ఉన్న మిల్లు ముద్దాయి అయితది. సలహా చెప్పే కన్సల్టెంటు ఒకడు ఎదురు పిటిషన్ వేయమన్నడు, ఫీజు కోసం. అట్ల చేస్తే ఫైలు కోర్టుల పడి మా మనవలు చూస్తుండె. కూసోని మాట్లాడి రాసుకున్నం: పార్కుకు విడవాల్సిన 10 శాతం జాగ మొత్తం ఆయన గోడ దిక్కే, దాని తర్వాత రోడ్డు, రోడ్డు తర్వాతనే ఇండ్లు. పార్కు జాగ సన్నటి పీలికలుగ పెడితే ఒప్పుకోరు, అందుకే ఒక్క దీర్ఘచతురస్రం గీయించినం. గోడ పొంటి కానుగ, వేప రెండు వరసలు. పక్కన మిల్లు నడుస్తున్నదని ప్రతి సేల్ డీడ్‌ల రాస్తమన్నం. ఆయన ధూళి పట్టే సైక్లోన్ యంత్రానికి మరమ్మతు చేయించుకుంటనన్నడు. అభ్యంతరం వాపసు తీసుకున్నడు. ఈ ఒప్పందం నోటిఫికేషన్ కంటే ముందే చేసుకునే వీలు అందరికీ ఉంటది. పరిశ్రమల నడుమ ఇండ్లు కట్టేటోళ్లు మొదలు పలకరించాల్సింది నడుస్తున్న మిల్లునే.

ఈడ ఒక మాట అనకుండ ఉండలేను. మన పాలమూరు, నల్లగొండ దిక్కు నుంచి బొంబాయి పోయి బతికినోళ్ల కండ్ల ముందరే ఆడి బట్టల మిల్లులు 1982 సమ్మె తర్వాత మూతబడ్డయి. ఆ నగర అభివృద్ధి నిబంధనల్ల 1991ల తెచ్చిన 58వ నియమం ప్రకారం మిల్లు జాగను మూడు వాటాలు చేయాలె: కార్పొరేషన్‌కు బయలు జాగ ఒకటి, సర్కారు ఇండ్లకు ఒకటి, ఓనర్‌కు ఒకటి. 2001ల సవరణ తెచ్చి, పంపకం ఖాళీగ ఉన్న జాగకే అన్నరు. షెడ్లు నిలబడ్డ జాగ లెక్కలకెల్లి పోయింది, కూలీల వాటా చిన్నగైంది. 2006ల సుప్రీంకోర్టు ఆ సవరణనే నిలబెట్టింది. మా మిల్లు గోడకు ఆనుకొని హమాలీల ఇండ్లున్నయి, కాయిదం లేదు. ఖాళీ చేయించమని సలహా ఇచ్చినోళ్లు తక్కువ లేరు. లేఅవుట్లనే వాళ్లకు చిన్న ప్లాట్లు గీయించి రిజిస్ట్రేషన్ చేసిచ్చినం. గొప్ప కోసమే చెప్తున్న, చెప్పుకోవాల్సిన పనే అది.

కూల్చుడుల మూడు సంగతులు. ఒకటి, సిమెంటు రేకుల్ల ఆస్బెస్టాస్ ఉంటది. సుత్తెతోని పగలగొట్టొద్దు. నీళ్లతో తడిపి, బోల్టులు కోసి, రేకు పగలకుండ కిందికి దించి, ప్లాస్టిక్‌ల చుట్టాలె. చెరువు కట్ట మీద పారేసుడు కాదు, ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలె, అది దుండిగల్‌ల ఉన్నది. రెండు, గ్యాస్ కటింగ్. వడ్లను పైకెత్తే ఎలివేటర్ గుంతల్ల, డక్టుల్ల ఊక ధూళి ఏండ్ల నాటిది పేరుకొని ఉంటది, ఒక్క నిప్పురవ్వ పడితే రబ్బరు బెల్టు పొంటి మంట పైదాకా పోతది. ఊడ్చి, తడిపి, బెల్టులు తీసినంకనే కటింగ్. మూడు, శిథిలాలు ఎక్కువ వస్తే ముందే ప్లాను ఇయ్యాలె (2016 నిబంధనల్ల నెలకు 300 టన్నుల లెక్క ఉండె), ఇటుక, కాంక్రీటు, ఇనుము వేరు చేయాలె.

జాగ కింద ఏమున్నదో ఎవరూ అడగరు, ఇంజినీర్లు కూడ. నూరు కిలోల వడ్లకు ఇరవై కిలోల దాకా ఊక, ఆ ఊక బాయిలర్‌ల కాలితే నాలుగు కిలోల దాకా బూడిద. రోజుకు నూరు టన్నులు ఆడే మిల్లుకు నాలుగు టన్నుల బూడిద. అన్నేండ్లు అది ఏడికి పోయింది? ఎనుక గుంతల్లకు. పైన అడుగు మందం మొరం పోసి లారీలు తిప్పినరు, చూస్తే గట్టి నేల. 16 ఎంఎం సీకు పట్టి గుచ్చితే మొరం దాటినంక చేతితోనే దిగిపోతది. జేసీబీతో ముప్పై ఫీట్లకొక గుంత తీయించండి, పది ఫీట్ల లోతు. పొరలు గోడ మీద కనబడ్తయి: ఎర్ర మొరం, దాని కింద నల్లటి బూడిద, మధ్యల కాలని ఊక పసుపు గీతలు, అడుగున అసలు చెల్క మట్టి. బూడిదల ఒక బిందె నీళ్లు పోస్తే పీల్చుకొని అక్కడికక్కడ కుంగుతది. దాని మీద పునాది వేస్తే మొదటి వానకాలం ఇల్లు కుంగి గోడలు బీటలు వడ్తయి.

ఉపాయం ఒక్కటే, మొత్తం తోడేసుడు. తోడేటప్పుడు నీళ్లు చల్లాలె, మనుషులు మాస్కు కట్టాలె, ఆ దుమ్ముల సిలికా ఉంటది. ఇటుక బట్టీలోళ్లు తీసుకపోతరు, రవాణా ఖర్చు మనదే. గుంతను మొరంతో నింపేటప్పుడు తొమ్మిదించుల పొర, నీళ్లు, వైబ్రేటర్ రోలర్, మళ్లీ పొర. ఒక్కసారే టిప్పర్లు గుమ్మరించి పైన రోలర్ తిప్పుతనన్న కాంట్రాక్టర్‌ను గేటు బయటనే ఆపండి. ప్రతి పొరకు సాంద్రత పరీక్ష చేయించి, ల్యాబుల తేలిన గరిష్ఠ సాంద్రతల 95 శాతం వస్తేనే పై పొర వేయనియ్యండి. అట్ల నింపినా ఇంటి పునాది మాత్రం పాత చెల్క మట్టి దాకా పోవాలె, నింపిన మొరం రోడ్లకే. ఉప్పుడు బియ్యం మిల్లైతే వడ్లు నానబెట్టిన తొట్ల అడుగు కూడ పగలగొట్టాలె. గోడలు కూల్చి పైన మట్టి కప్పితే ఆ తొట్టిల వాన నీళ్లు నిలబడి, మీద కట్టిన ఇంటికి చెమ్మ వస్తది.

మిల్లు బోరును తాగే నీళ్లకు వాడొద్దు. నల్లగొండ నేలల ఫ్లోరైడ్ ఎట్లాగూ ఉన్నది, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగరాదు. దానికి తోడు నానబెట్టిన నీళ్లు ఏండ్ల తరబడి పక్క గుంతల్లనే ఇంకినయి. మాది పరీక్ష చేయించి చెట్లకు పెట్టినం.

అమ్మకాల లెక్క కూడ చెప్తున్న, ఏజెంట్లు చెప్పరు కాబట్టి. ఎకరా 4840 గజాలు. రోడ్లు, పార్కు, రోడ్డు వెడల్పుకు ఇచ్చింది పోను 2800 గజాలు మిగిలితే సంతోషించాలె. పనులు పూర్తయేదాకా ప్లాట్లల్ల 15 శాతం మున్సిపాలిటీకి తనఖా. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌కు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు లేకుండ అడ్వాన్సు తీసుకోవద్దు, ప్రాజెక్టు ఖర్చుల 10 శాతం దాకా జరిమానా పడొచ్చు. వచ్చిన పైసలల్ల 70 శాతం వేరే ఖాతాలనే ఉండాలె. 'ప్రీలాంచ్' అని, అంటే అనుమతులు రాకముందే అమ్ముతనని, తిరిగిన ఏజెంటును మేం ఒకరోజు బయటికి పంపినం, వాడు ఇప్పటికీ మా మీద పుకార్లు లేపుతున్నడు.

ఇండ్ల పర్మిషన్ల తిప్పలు లేవు. రెండు వందల గజాల ప్లాటుకు, పది మీటర్ల ఎత్తు లోపలైతే, స్వీయ ధ్రువీకరణతో ఆన్‌లైన్‌లనే వస్తది. కొనేటోళ్లు ఫైనల్ లేఅవుట్ నంబరు, రెరా నంబరు, జోన్ మార్పు ఉత్తర్వు అడుగుతున్నరు, మంచిదే. వాటితోపాటు తమ ప్లాటు దగ్గర తీసిన గుంత ఫొటో, ఆ ప్లాటు మట్టి పరీక్ష రిపోర్టు కూడ అడగాలె. ఇయ్యనంటే ఆ ప్లాటు వదిలెయ్యండి.