తూటా కేసులు తోమాలా, అక్కర్లేదా?

మొన్న శనివారం షూటింగ్ రేంజి నుంచి తెచ్చిన ఖాళీ కేసులు (పోలీసు కేసులు కాదండోయ్, కాల్చాక మిగిలే ఇత్తడి గొట్టాలు) గరాజులో పాత తువ్వాలు మీద పోసి ఏరుతుంటే మా అమ్మ వచ్చి చూసి, "ఏంట్రా ఇత్తడంతా ఇలా నల్లబడిపోయింది, ఇలా తే, కాస్త చింతపండు పెట్టి రుద్దేస్తాను" అంది. మేముండేది టెక్సస్‌లో. కాల్చిన కేసులో కొత్త ప్రైమరు (దెబ్బ తగిలితే నిప్పు పుట్టించే చిన్న బిళ్ల), తుపాకి మందు, బుల్లెట్ పెట్టి మళ్లీ వాడుకోవడం ఇక్కడ చాలామందికి వీకెండ్ వ్యాపకం. మన దగ్గర లైసెన్సు లేకుండా చేస్తే జైలే, ఆ సంగతి వేరు.

అమ్మ చెప్పింది తప్పేం కాదు. చింతపండులో ఉండేది టార్టారిక్ ఆమ్లం, తడి టంబ్లర్‌లో (కేసుల్ని నీళ్లలో తిప్పి కడిగే డ్రమ్ములెండి) మేం వేసేది సిట్రిక్ ఆమ్లం, రెండూ చేసే పని ఒకటే. కాకపోతే నా లెక్కలో మెరుపు అనవసరం, మట్టి పోతే చాలు. నల్లబడిన కేసు బాగానే పేలుతుంది. ఇసుక అంటిన కేసు అలా కాదు, దాన్ని సైజింగ్ డైలోకి (కాల్చినప్పుడు ఉబ్బిన కేసుని మళ్లీ అసలు కొలతకి నొక్కే అచ్చు) తోస్తే ఒక్క రేణువు లోపల ఇరుక్కున్నా ఆ తర్వాత ఎక్కించిన ప్రతి కేసు మీదా గీత పడుతుంది. నా .308 తూటాల డై అలాగే పోయింది, గీత మీద గోరు పెడితే తగిలేది.

మొదట్లో నాకూ తళతళల పిచ్చి ఉండేది. స్టీలు పిన్నులు, సబ్బు నీళ్లు, చేతికొచ్చినంత సిట్రిక్ ఆమ్లం వేసి నాలుగు గంటలు తిప్పితే కేసులు గులాబీ రంగుకి తిరిగాయి. ఈ ఇత్తడిలో రాగి 70 పాళ్లు, జింకు 30 పాళ్లు. పైపైన జింకు పోయి రాగి తేలిందన్నమాట. మెడ లోపలి మసి కూడా పూర్తిగా పోయింది, అదేమో బుల్లెట్ దిగేటప్పుడు కాస్త కందెనలా పనికొచ్చేది. ఇప్పుడు మొక్కజొన్న కండె పొడిలో ఓ గంట, అంతే.

శుభ్రంగా ఉంటే ఒక లాభం మాత్రం ఉంది, పగుళ్లు కనిపిస్తాయి. అడుగుకి కాస్త పైన మెరిసే వలయం కనిపిస్తే, అక్కడ లోపలి గోడ పల్చబడి తెగబోతోందేమోనని అనుమానించాలి. కొస వంచిన పేపర్ క్లిప్పు లోపలికి దించి గోడ వెంట మెల్లగా పైకి లాగుతాను, గాడిలో పడినట్టు తట్టుకుందంటే ఆ కేసు చెత్తబుట్టలోకే.

అమ్మోనియా ఉన్న పాలిష్ మాత్రం వద్దు. బ్రిటిష్ వాళ్ల కాలంలో మన దేశంలోనే, వానాకాలం గుర్రపుశాలల్లో దాచిన తూటాల ఇత్తడి ఊరికే పగిలిపోయేదట. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా వల్లేనని 1921లో తేల్చారు.

అమ్మ అప్పటికే కేసులు గిన్నెలోకి ఎత్తుకుని వంటింటి సింకు వైపు బయల్దేరింది. పరుగెత్తుకెళ్లి లాక్కున్నాను. ప్రైమరు మసిలో సీసం ఉంటుంది, అందుకే టంబ్లర్ కూడా మూతపెట్టి గరాజులోనే తిప్పుతాను, పొడి మార్చేటప్పుడు గ్లవ్స్, మాస్కు తప్పనిసరి. ఇదంతా చెబితే గిన్నె వంక, నా వంక మార్చి మార్చి చూసి, "అయితే ఆ గిన్నె ఇంక వంటకి పనికిరాదన్నమాట" అంది. అది ఇప్పుడు గరాజులోనే ఉంది.